గోదాముల్లో స్త్రీలు: రాత్రి షిఫ్టుకు సమ్మతి ఎవరిది?

స్త్రీల ఉపాధి గురించి ఇప్పుడు ఏ సమావేశానికి వెళ్లినా ఒక మాట వినిపిస్తోంది: లాజిస్టిక్స్. కంపెనీల వాళ్లు, అధికారులు, నైపుణ్య శిక్షణ ఇచ్చే సంస్థల వాళ్లు అందరూ ఒకే పాట పాడుతున్నారు. సరుకు రవాణా, గోదాముల రంగం ఇన్నాళ్లూ మగవాళ్లదిగా ఉండిపోయింది, ఇప్పుడు స్త్రీలకు తలుపులు తెరుస్తున్నాం, రండి అంటున్నారు. వినడానికి బాగానే ఉంది. మగవాళ్ల పనులని గిరి గీసి పెట్టిన వాటిలోకి స్త్రీలు వెళ్లాలన్నది మన కోరిక కూడా. కానీ తలుపు తెరిచి పిలిచేవాళ్లు లోపల ఏముందో కూడా చెప్పాలి కదా. హైదరాబాద్‌కి అటు మేడ్చల్ వైపు, ఇటు శంషాబాద్, కొత్తూరు వైపు ఊళ్లలో మా సంఘం స్త్రీలతో మాట్లాడుతూ తెలుసుకున్న దాన్నిబట్టి, వాళ్లు చెప్పకుండా వదిలేస్తున్నది ఏమిటో రాయాలనిపించింది.

ముందు ఈ గోదాములు ఇంత హఠాత్తుగా ఎందుకు లేచాయో చూద్దాం. 2017 జులై 1న జీఎస్టీ వచ్చేదాకా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి సరుకు అమ్మితే కేంద్ర అమ్మకం పన్ను పడేది. అది తప్పించుకోవడానికి సబ్బుల కంపెనీ అయినా మందుల కంపెనీ అయినా రాష్ట్రానికొక చిన్న గోదాము పెట్టుకుని, అమ్మినట్టు కాకుండా తన సరుకు తన దగ్గరికే పంపుకున్నట్టు లెక్క రాసుకునేది. జీఎస్టీతో ఆ అవసరం పోయింది. పాతిక చిన్న గోదాముల బదులు నాలుగైదు పెద్దవి కట్టి దేశమంతటికీ అక్కణ్ణుంచే పంపడం లాభసాటి అయింది. రాష్ట్రాల సరిహద్దుల్లో పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు. అదే ఏడాది నవంబరులో కేంద్రం ఈ రంగానికి మౌలిక సదుపాయాల హోదా ఇచ్చింది కాబట్టి అప్పులు పుట్టడం తేలికయింది. ఇంకోపక్క ఆన్‌లైన్ వ్యాపారం. అమెజాన్ కొత్తూరులోనూ, ఫ్లిప్‌కార్ట్ మేడ్చల్ దగ్గరా 2015లోనే గోదాములు తెరిచాయి. 2020లో కరోనా వచ్చి అందరినీ ఇళ్లలో కూర్చోబెట్టాక ఈ వ్యాపారానికి ఇక అడ్డు లేకపోయింది.

మేడ్చల్ వైపు ఒకప్పుడు ద్రాక్ష తోటలు ఉండేవి. ఇప్పుడు రోడ్డు పక్కన రేకుల షెడ్లు, వాటి ముందు బారులు తీరిన కంటెయినర్ లారీలు. భూమి అమ్మినవాళ్లకు డబ్బు వచ్చింది. భూమి లేక ఆ తోటల్లో కూలికి పోయిన స్త్రీలకు పని పోయింది. వాళ్లకూ వాళ్ల కూతుళ్లకూ ఇప్పుడు మిగిలిన పనుల్లో గోదాము ఒకటి. కాబట్టి "స్త్రీలు ముందుకు వస్తున్నారు" అని ఎవరైనా అంటే, వెనక ఏ పని మిగలనివాళ్లు ముందుకు తప్ప ఎటు వెళతారని నాకు అడగాలనిపిస్తుంది.

గోదాము గోడ మీద ఒక పేరు ఉంటుంది. లోపల నడిపేది వేరే కంపెనీ. స్త్రీల మెడలో వేలాడే కార్డు మీద ఉండేది మూడో పేరు, కూలీలను సప్లై చేసే కాంట్రాక్టరుది. తెల్లవారుజామున ఊళ్లోకి వచ్చి వ్యాన్ ఎక్కించేవాడు మేస్త్రీ. నీ యజమాని ఎవరమ్మా అంటే చాలామంది ఆ మేస్త్రీ పేరే చెబుతారు. జీతం ఆలస్యమైతే అడగడానికి వాళ్లకు తెలిసిన మనిషి అతనొక్కడే. అతన్ని అడిగితే పై నుంచి రాలేదంటాడు. పైన అంటే ఎవరో అతనికీ సరిగ్గా తెలియదు.

ఇక లోపల పని. చేతికి ఒక స్కానర్ ఇస్తారు. వస్తువు తీసిన ప్రతిసారీ అది ఒక కూత కూస్తుంది. కూతకీ కూతకీ మధ్య ఎంతసేపయిందో యంత్రం రాసుకుంటుంది. పాత గోదాములో పనివాణ్ణి కనిపెట్టుకుని ఉండేది గుమస్తా. గుమస్తాకి కునుకు పట్టేది, టీ తాగడానికి పోయేవాడు. స్కానర్‌కి అవేమీ లేవు. గంటకు ఇన్ని అని లెక్క ఉంటుంది, తగ్గితే సూపర్‌వైజర్ వస్తాడు, రెండు మూడు రోజులు తగ్గితే మేస్త్రీ ఆ మనిషిని వ్యాన్ ఎక్కించుకోడు. తీసేశామని ఎవరూ చెప్పరు. వ్యాన్ ఆగదు, అంతే.

2024 మే నెలలో, ఉత్తరాదిన ఎండలు నిప్పులు చెరుగుతున్నప్పుడు, హర్యానాలోని మానేసర్‌లో అమెజాన్ గోదాము పనివాళ్ల చేత ఒక ప్రమాణం చేయించారు. 24 అడుగుల లారీలు ఆరు దించేదాకా మంచినీళ్లకూ మూత్రానికీ వెళ్లమని. జూన్‌లో ఇది పత్రికల్లో వచ్చాక జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంతట తానే విచారణకు తీసుకుని కేంద్ర కార్మిక శాఖకు నోటీసు పంపింది. దురదృష్టకరమైన సంఘటన, ఎక్కడో ఒకచోట జరిగింది అని కంపెనీ సర్దుకుంది. ఎక్కడో ఒకచోటే కావచ్చు. కానీ స్కానర్ లెక్క ఉన్న ప్రతిచోటా ప్రమాణం చేయించకుండానే అదే జరుగుతుంది. మరుగుదొడ్డి షెడ్డుకి ఆ చివర ఉంటే వెళ్లి రావడానికి పట్టే నిమిషాలన్నీ ఆమె ఖాతాలో పడతాయి. మగవాడు ఎక్కడో ఒకచోట గోడ చూసుకుంటాడు. నెలసరిలో ఉన్న అమ్మాయి ఏం చేయాలి? మా ఊళ్ల స్త్రీలు కనిపెట్టిన ఉపాయం ఒకటే, నీళ్లు తాగడం మానేయడం. మూత్రంలో మంట అని హెల్త్ క్యాంపుకి వచ్చే స్త్రీలను డాక్టర్లు నీళ్లు బాగా తాగమంటారు. ఆ డాక్టర్లకు ఈ స్కానర్ సంగతి మనమే చెప్పాలి.

అసలు స్త్రీలనే ఎందుకు తీసుకుంటున్నారని మేనేజర్లను అడిగితే వచ్చే జవాబులు తెలిసినవే. ఆడవాళ్లు శ్రద్ధగా చేస్తారు, పెట్టెలు విసరరు, సిగరెట్ పేరుతో మాటిమాటికీ బయటికి పోరు, గొడవలు పెట్టుకోరు. వీటిలో మొదటి మూడూ పొగడ్తలు. నాలుగోదే అసలు కారణం.

ఇదంతా ఖర్చు తగ్గించుకోవడానికని చెబుతారు. మన దేశంలో సరుకు తరలింపు ఖర్చు జాతీయోత్పత్తిలో 13, 14 శాతం ఉందని, బయటి దేశాలతో పోటీ పడాలంటే అది దిగాలని ఏళ్ల తరబడి ఊదరగొట్టారు. 2022 సెప్టెంబరులో జాతీయ లాజిస్టిక్స్ విధానం వచ్చింది కూడా ఈ ఖర్చు తగ్గించాలనే. తీరా ప్రభుత్వం కోసం ఎన్‌సీఏఈఆర్ సంస్థ 2023లో లెక్క వేస్తే 2021-22కి అది 7.8 నుంచి 8.9 శాతం మధ్యే ఉందని తేలింది. అంటే తగ్గించాల్సినంత లేనేలేదు! అయినా తగ్గించమన్న ఒత్తిడి మాత్రం పై నుంచి కింది దాకా ఒక్కొక్క మెట్టే దిగుతూ వచ్చింది. సరుకు కంపెనీ గోదాము నడిపేవాణ్ణి నొక్కుతుంది, అతను కాంట్రాక్టర్‌ని, కాంట్రాక్టర్ మేస్త్రీని. మేస్త్రీ కింద నొక్కడానికి ఇంకెవరున్నారో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట. గోదాముల్లోకి స్త్రీలు కొత్తగా వస్తున్నారన్నదే నిజం కాదు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కి గానీ ఖమ్మం మార్కెట్‌కి గానీ వెళ్లి చూడండి. హమాలీలు, దడవాయిలు, చాట కూలీలు అని మూడు రకాల వాళ్లు కనిపిస్తారు. బస్తా మోసేవాడు హమాలీ, తూకం వేసేవాడు దడవాయి. చాటతో చెరిగి, కింద పడ్డ గింజలు ఊడ్చి పోగుచేసేవాళ్లు చాట కూలీలు, వాళ్లంతా స్త్రీలే. పౌర సరఫరాల గోదాముల్లోనూ అంతే, బియ్యం మోసేవాడు హమాలీ, ఊడ్చే ఆమె స్వీపర్. గుంటూరులో మిర్చి సీజను వచ్చిందంటే వేల మంది స్త్రీలు ఎర్రటి ఎండలో ఘాటు పీలుస్తూ, చేతులు మండుతూ తొడిమలు తీస్తారు. కూలి కిలోల లెక్క. ఆ కాయలు కోల్డ్ స్టోరేజీకి చేరతాయి, అక్కణ్ణుంచి ఓడలెక్కి దేశాలు దాటుతాయి. ఈ స్త్రీలను ఎవరూ గోదాము కార్మికులనరు. సీజను కూలీలంటారు, లేదా ఏమీ అనరు. పేరు లేకపోతే రేటు ఉండదు, రేటు లేకపోతే ఒప్పందంలో చోటు ఉండదు.

మన రాష్ట్రంలో 1976లోనే ముఠా, జట్టు, హమాలీ కార్మికుల పనికీ సంక్షేమానికీ ఒక చట్టం చేశారు. మహారాష్ట్రలో అంతకు ముందు 1969లో వచ్చిన మాథాడీ చట్టం కూడా ఇలాంటిదే. అక్కడ బోర్డులు ఏర్పడ్డాయి. యజమాని కూలీతో పాటు అదనంగా కొంత శాతం బోర్డుకి కడితే దాంట్లోంచి పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవు జీతం వచ్చేవి. పది మంది యజమానుల దగ్గర పని చేసినా కార్మికుడికి బోర్డు ఒక్కటే. మన దగ్గర హమాలీ సంఘాలు ఇప్పటికీ సంక్షేమ బోర్డు కావాలని ధర్నాలు చేస్తూనే ఉన్నాయి. ఆ ధర్నాల్లో చాట కూలీల గురించి, తొడిమలు తీసేవాళ్ల గురించి నాలుగు మాటలు వినాలని నాకు ఎప్పటినుంచో ఉంది. హమాలీ అన్న పదం ఇంకా మగవాడి భుజం మీదే ఉంది.

ఇక రాత్రి షిఫ్టు సంగతి. ఇది మనలో మనకే తెగని విషయం, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

1948 ఫ్యాక్టరీల చట్టం స్త్రీలను రాత్రి ఏడు తర్వాత, ఉదయం ఆరుకు ముందు పనిలో పెట్టుకోవద్దంది. రక్షణ పేరుతో ఉపాధి లాగేసుకుంటున్నారని స్త్రీ కార్మికులే కోర్టుకెక్కారు. 2000లో మద్రాసు హైకోర్టు, ఆ తర్వాత మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేశాయి. అది మంచి తీర్పే. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాయి. నిందితులు లారీల మీద పనిచేసేవాళ్లు. విచారణ లేకుండానే డిసెంబరు 6న పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. ఆ రోజుల్లోనే అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి ఆర్టీసీలో పనిచేసే స్త్రీలకు రాత్రి 8 దాటాక డ్యూటీ వేయొద్దన్నారు. రోడ్డు మీద దీపాలు, బస్సులు, లారీలు ఆగడానికి సరైన చోటు, వీటి గురించి ఆలోచించే బదులు స్త్రీని ఇంటికి పంపేయడం తేలిక.

సరిగ్గా ఆరేళ్లు తిరక్కుండానే గాలి ఇటు మళ్లింది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పనిగంటల్ని 9 నుంచి 10కి పెంచడానికీ, స్త్రీల రాత్రి పనిపై నిబంధనలు సడలించడానికీ ఒప్పుకుంది. జులైలో తెలంగాణ ప్రభుత్వం వారానికి 48 గంటలు మించకుండా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. 2025 నవంబరు 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లనూ అమల్లోకి తెచ్చింది. వాటిలో వృత్తిపర భద్రత, ఆరోగ్య కోడ్ ప్రకారం స్త్రీ ఏ సంస్థలోనైనా ఏ పనైనా చేయొచ్చు, ఆమె సమ్మతి ఉంటే రాత్రి ఏడు తర్వాతా, ఉదయం ఆరుకు ముందూ కూడా. వద్దన్నది ప్రభుత్వమే, రమ్మంటున్నది ప్రభుత్వమే. మధ్యలో శంషాబాద్ రోడ్డు ఏమైనా మారిందా అంటే, లారీలు పెరిగాయి.

రాత్రి పని వద్దని నేను అనను. నర్సులు చేస్తున్నారు, రైల్వేలో చేస్తున్నారు. చీకటి పడితే స్త్రీ గడప దాటకూడదన్న వాదనతో కలిసి నడవడం మనకు ఎప్పుడూ సాధ్యం కాదు. నా పేచీ అంతా ఆ "సమ్మతి" అన్న ఒక్క మాటతోనే. మా సమావేశంలో ఒక అమ్మాయి చెప్పింది: చేరిన రోజునే కాగితాల కట్ట ఒకటి ముందు పెట్టి ఇంటూ గుర్తు ఉన్నచోటల్లా సంతకం పెట్టమన్నారట. అందులో ఏముందని అడిగితే "అన్నీ మామూలువే" అన్నారట. రాత్రి డ్యూటీకి ఆమె సమ్మతి ఆ మామూలువాటిలోనే ఉంది. రాత్రి రానంటే పగటి షిఫ్టులో చోటు ఉండాలి, ఉద్యోగం ఉండాలి. కాదనే హక్కు లేనిచోట అవునన్నమాటకు విలువేమిటి? మనం పెళ్లి విషయంలో, ఆపరేషన్ల విషయంలో ఎన్నేళ్లుగా అడుగుతున్న ప్రశ్నే ఇది. గోదాము గేటు దగ్గర అడగడానికి ఎందుకు మొహమాటం?

పది గంటల పనికి వ్యాన్‌లో రానూపోనూ రెండున్నర, మూడు గంటలు కలపండి. ఇంటికొచ్చాక పొయ్యి, పిల్లలు, అత్తగారి మందులు. వారానికి ఐదు రోజులే కదా, రెండు రోజులు విశ్రాంతి అని ఈ పది గంటల్ని సమర్థించేవాళ్లు ఉన్నారు. వారానికి ఆరో రోజు కూడా వ్యాన్ ఎక్కుతున్న స్త్రీలు నాకు తెలుసు. ఓవర్‌టైమ్ అంటే రెట్టింపు కూలి అని వాళ్లలో చాలామందికి తెలియదు.

అదే కోడ్‌లో ఇంకో చిక్కు ఉంది, సంఘాల్లో పనిచేసేవాళ్లు తెలుసుకోవాలి. సంస్థ అసలు పనికి కాంట్రాక్టు కూలీల్ని పెట్టకూడదని రాసి, ఏది అసలు పని కాదో ఒక జాబితా ఇచ్చారు. పాకీ పని, కాపలా, తోటపనితో పాటు సరుకు ఎక్కించడం దించడం, కొరియర్, రవాణా కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అయితే సంస్థ పెట్టిందే ఆ పని కోసమైతే ఈ మినహాయింపు వర్తించదు. మరి గోదాము పెట్టిందే ఎక్కించడానికీ దించడానికీ కదా? ఈ వాదన గట్టిగా పట్టుకోవాల్సినది. కంపెనీల లాయర్లు దీన్ని ఊరికే వదిలిపెట్టరు. ఇంకోటి, 1970 నాటి చట్టం కింద 20 మందిని పెట్టుకున్న కాంట్రాక్టర్‌కే లైసెన్సు కావాలి. ఇప్పుడు ఆ గీత 50కి జరిగింది. ఒకే గోదాములో నలుగురు కాంట్రాక్టర్లు తలా నలభై మందిని తెచ్చారనుకోండి, గోదాముకు చట్టం వర్తిస్తుంది, ఆ నలుగురిలో ఒక్కడికీ లైసెన్సు అక్కర్లేదు.

కాంట్రాక్టర్ మారినప్పుడల్లా స్త్రీలకు ఇంకో దెబ్బ తగులుతుంది. ప్రసూతి సెలవుకి కాన్పుకు ముందు 12 నెలల్లో ఆ యజమాని దగ్గర 80 రోజులు పని చేసి ఉండాలి. పండగల సేల్‌కి తీసుకుని, అది అయిపోగానే పంపేసి, మళ్లీ ఇంకో పేరుతో తీసుకుంటే 80 రోజులు ఎవరి దగ్గర పూర్తవుతాయి? ఈఎస్ఐ ఉన్నచోట కొంత నయం. అక్కడ గత రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజుల చందా ఉంటే చాలు, యజమాని మారినా లెక్క కొనసాగుతుంది. కానీ ప్రతి కొత్త కాంట్రాక్టరూ కొత్త నంబరు తీయిస్తాడు, పాత రోజులు పాత నంబరులోనే ఉండిపోతాయి. మీ ఊళ్లలో స్త్రీలకు ఇదొక్కటి చెప్పండి: ఈఎస్ఐ నంబరు జీవితానికి ఒకటే, కార్డు జాగ్రత్తగా దాచుకోమని, కొత్త పనిలో చేరేటప్పుడు ఆ నంబరే రాయించమని.

లైంగిక వేధింపుల విషయంలోనూ ఇదే గజిబిజి. 2013 చట్టం పది మంది పనిచేసే ప్రతిచోటా కమిటీ ఉండాలంది. గోదాములో ఉంటుంది, గోడ మీద బోర్డు కూడా ఉంటుంది, చాలాచోట్ల ఇంగ్లీషులో. వేధించినవాడు లారీ డ్రైవరైతే అతను ఒకరి మనిషి, సూపర్‌వైజరైతే ఇంకొకరి మనిషి, మేస్త్రీ అయితే మరొకరి మనిషి. మా కమిటీ పరిధిలోకి రాదు అని ఎవరికి వారు తప్పుకుంటారు. ఫిర్యాదుకి గడువు మూడు నెలలు, ఈలోగా కాంట్రాక్టే అయిపోతుంది. వ్యాన్ కూడా పని స్థలమే అని చట్టం స్పష్టంగా చెబుతోంది. జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ ఉండాలి, యజమాని మీద ఫిర్యాదైతే అక్కడికే వెళ్లాలి. ఆ కమిటీలో ఎవరున్నారో కలెక్టరాఫీసులో అడిగి చూడండి, ఎంతసేపటికి జవాబు వస్తుందో.

గేటు బయట ఆగిన లారీలనూ మరిచిపోకూడదు. లోపల ఆడవాళ్లకు నిమిషాల లెక్క, బయట డ్రైవరుకి లెక్కే లేదు. సరుకు దించుకోవడానికి ఒకటి రెండు రోజులు ఎదురుచూసినా ఆ కాలానికి జీతం ఎవరిస్తారు? 2018లో ఇరుసు బరువు పరిమితి పెంచాక ఒక్కో లారీ ఎక్కువ మోయగలిగింది, దాంతో లారీల సంఖ్య ఎక్కువై కిరాయిలు పడిపోయాయి. 2024 జనవరిలో కొత్త శిక్షాస్మృతిలోని పదేళ్ల జైలు నిబంధన మీద డ్రైవర్లు సమ్మె చేస్తే హైదరాబాద్ పెట్రోలు బంకుల దగ్గర జనం బారులు తీరారు. ఆ నిబంధనను ఇంకా అమల్లోకి తేలేదు. ఆ రెండు రోజులు పత్రికలు పెట్రోలు గురించి రాశాయి గానీ, నెలకు పది రోజులు కూడా ఇంట్లో ఉండని మనిషి భార్య సంసారం ఎలా ఈదుతుందో ఎవరూ రాయలేదు. తొంభైల్లో నిధులిచ్చే సంస్థలకి డ్రైవర్ అంటే ఎయిడ్స్, హైవే పక్క స్త్రీ అంటే ఎయిడ్స్. ఆ కార్యక్రమాలతో బాటే ఆ ఆసక్తీ పోయింది.

కేరళలో కోజికోడ్ మిఠాయి వీధిలో బట్టల షాపుల్లో పనిచేసే స్త్రీలు మొదట అడిగింది చాలా చిన్న విషయం, మరుగుదొడ్డి. దర్జీ పని చేసుకునే విజి నాయకత్వంలో పెణ్‌కూట్టు అనే సంఘం దానితోనే మొదలై, పొద్దస్తమానం నిలబడే ఉండాలా అన్న ప్రశ్న దాకా వెళ్లింది. పెద్ద యూనియన్లు పట్టించుకోకపోతే తామే యూనియన్ పెట్టుకున్నారు. 2018లో కేరళ తన దుకాణాల చట్టంలో కూర్చునే హక్కు చేర్చింది, 2021లో తమిళనాడు కూడా చేర్చింది. గొడవలు పెట్టుకోరనుకున్న స్త్రీలే అది సాధించారు.

మేం కూడా చిన్నవాటితోనే మొదలుపెట్టాం. మరుగుదొడ్డికి వెళ్లిన సమయాన్ని స్కానర్ లెక్కలోంచి తీసేయాలని, రాత్రి షిఫ్టు సమ్మతి వేరే కాగితం మీద తెలుగులో ఉండాలని, దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని అందులో రాసి ఉండాలని, వ్యాన్ మీద కాంట్రాక్టర్ పేరుతో పాటు గోదాము యజమాని పేరు కూడా ఉండాలని కార్మిక శాఖకు అర్జీలు పెడుతున్నాం. లోకల్ కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు చిన్న కాగితాల మీద అచ్చు వేయించి పంచుతున్నాం. మీ జిల్లాలో గోదాములుంటే మీరూ వెళ్లండి. పగలు గేటు దగ్గరికి వెళితే సెక్యూరిటీ వాళ్లు తప్ప ఎవరూ దొరకరు. తెల్లవారుజామున ఊరి బస్టాండు దగ్గర వ్యాన్ కోసం నిలబడి ఉంటారు, ఆ పావుగంటలోనే మాట్లాడాలి.